మన దేశభక్తి పరాయి దేశం వాళ్లకు ఎలా కనిపిస్తుంది?

2025 ఫిబ్రవరి 15 రాత్రి, కెనడాలోని మాంట్రియల్. ఐస్ హాకీలో కెనడా, అమెరికా జట్ల మధ్య మ్యాచ్. రెండు దేశాల గీతాలనూ గౌరవించమని మైకులో ముందే విజ్ఞప్తి చేశారు. అయినా అమెరికా గీతం మొదలవగానే గ్యాలరీల నుంచి 'బూ' అంటూ ఒకటే గోల. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలోపే మూడు కొట్లాటలు జరిగాయి. ఆటగాళ్లు గ్లవ్స్ విసిరేసి పిడిగుద్దులకు దిగారు. చివరికి 3-1తో అమెరికా గెలిచింది.

అప్పటికి కొన్ని వారాలుగా అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం అంటూ మాట్లాడుతున్నారు. కెనడా సరుకుల మీద భారీగా సుంకాలు వేస్తామంటున్నారు. గోల చేసిన కెనడియన్ దృష్టిలో అది ఆటగాళ్లకు జరిగిన అవమానం కాదు, ఆ మాటలకు జవాబు. అమెరికన్‌కు మాత్రం అది గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడే పాట. సైన్యంలో పనిచేసిన అన్నో తండ్రో గుర్తొచ్చే పాట. ఇటు గోల చేసినవాళ్లూ, అటు మనసు కష్టపెట్టుకున్నవాళ్లూ తమ దేశం పక్షానే నిలబడ్డారు. ఎదుటివాళ్ల దేశభక్తి మాత్రం ఇద్దరికీ దురుసుగానే తోచింది.

ఈ చర్చ 2026లో మరింత పెరిగింది. ఆ ఏడాది జూలై 4కు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. అదే సమయంలో అమెరికా, కెనడా, మెక్సికోల్లో 48 జట్ల ఫుట్‌బాల్ ప్రపంచకప్. ఎక్కడ చూసినా జెండాలే. 'ఇంత హడావుడి ఎందుకు?' అని అడిగేవాళ్లు ఒకవైపు, 'మా దేశాన్ని మేం ప్రేమిస్తే మీకేంటి నొప్పి?' అనేవాళ్లు మరోవైపు. నిజానికి ఇద్దరూ మాట్లాడేది ఒకే విషయం గురించి కాదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

## ప్రేమ, గర్వం, ఆధిక్యం ఒకటి కావు

'నా దేశమంటే నాకు ప్రాణం' అనేది ఒక మాట. ఇందులో వేరే దేశం ప్రసక్తే లేదు. 'మా దేశం సాధించింది చూస్తే గర్వంగా ఉంటుంది' అనేది రెండో మాట. ఇందులో ఒక కారణం ఉంది కాబట్టి, అది నిజమో కాదో చర్చించుకోవచ్చు. 'మా దేశమే అందరికన్నా గొప్పది, మిగతావాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకోవాలి' అనేది మూడోది. వినేవాళ్లకు ఇక్కడ ఒక కింది మెట్టు చూపించి, అక్కడ నిలబడమంటున్నారు.

మామూలు సంభాషణలో ఈ మూడూ కలిసిపోతాయి. మొదటిది చెబుతున్నాననుకుని మూడోది చెప్పేవాళ్లు ఎంతోమంది. రెండోది విని మూడోది విన్నామనుకునేవాళ్లూ తక్కువేం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రిక్ కోస్టర్‌మన్, సేమర్ ఫెష్‌బాక్ 1989లో అమెరికాలో చేసిన అధ్యయనం దీన్నే కొలిచింది. దేశం మీద మమకారం గురించిన ప్రశ్నలు కొన్ని, మిగతా దేశాలు మన పద్ధతినే అనుసరించాలా అన్న తరహా ప్రశ్నలు కొన్ని కలిపి అడిగారు. ఈ రెండూ కొంత కలిసే నడిచినా, వేర్వేరు వైఖరులని తేలింది. దేశాన్ని గాఢంగా ప్రేమిస్తూ, పెత్తనం మాత్రం వద్దనుకునే మనిషి ఉండొచ్చు.

2009లో అగ్నీష్కా గోలెట్స్ దె జవాలా బృందం ఇంకో ముక్క కలిపింది. 'మా జాతి గొప్పది, కానీ ప్రపంచం దాన్ని గుర్తించడం లేదు' అనే భావన కొందరిలో బలంగా ఉంటుంది. అలాంటివాళ్లు చిన్న విమర్శను కూడా అవమానంగా తీసుకుంటారని, పగతో స్పందిస్తారని ఆ పరిశోధన చెప్పింది. బయటివాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ రకమేనని నాకనిపిస్తుంది. ధీమాగా ఉన్నవాడితో సరదాగా వాదించొచ్చు. గుర్తింపు కోసం కాచుకుని కూర్చున్నవాడితో ఏం మాట్లాడాలన్నా టెన్షనే.

అయితే ఈ విభజన మీద గట్టి అభ్యంతరం ఉంది. బ్రిటన్‌కు చెందిన సామాజిక మనస్తత్వవేత్త మైకేల్ బిల్లిగ్ 1995లోనే ఒక ముఖ్యమైన మాట అన్నారు. మనది దేశభక్తి, ఎదుటివాళ్లది జాతీయోన్మాదం అని చెప్పుకోవడానికే జనం ఈ తేడాను వాడుకుంటారని. ఇది కొట్టిపారేయలేని మాట. తనది ఆధిక్య భావమని ఎవరూ ఒప్పుకోరు. అందుకే పేరు ఏం పెట్టుకున్నారన్నది పక్కనపెట్టి, అసలు ఏం అన్నారో చూడటం మేలు.

## ఇంట్లోవాళ్లకు కనపడని జెండా

బిల్లిగ్ చెప్పిన ఇంకో విషయం ఈ చర్చకు మరీ అవసరం. ఎవరూ ఊపకుండా ఆఫీసు మీద ఊరికే వేలాడే జెండా, 'మన వాతావరణం' అని చెప్పే వార్తలు, నాణెం మీది బొమ్మ రోజూ దేశాన్ని గుర్తుచేస్తూనే ఉంటాయి. అలవాటైపోవడం వల్ల అక్కడివాళ్లకు అవి కంటికి ఆనవు. కొత్తగా వచ్చినవాళ్లకు కళ్లు చెదిరేలా కనిపిస్తాయి.

అమెరికాకు మొదటిసారి వెళ్లిన యూరప్ వాళ్లు ఇళ్ల ముందు, కార్ల షోరూముల ముందు, చర్చిల్లో ఇన్ని జెండాలేంటని ఆశ్చర్యపోతారు. బడి పిల్లలు జెండాకు ఎదురుగా నిలబడి చెప్పే ప్రతిజ్ఞ వాళ్లకు ఇంకా వింత. ఆ ప్రతిజ్ఞను ఫ్రాన్సిస్ బెల్లమీ 1892లో రాశారు. అందులో దేవుడి ప్రస్తావన చేరింది 1954లో. బయటివాళ్లలో చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఏ విద్యార్థినీ ఈ ప్రతిజ్ఞ చేయమని బలవంతం చేయకూడదని ఆ దేశ సుప్రీంకోర్టు 1943లోనే తీర్పిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో! జెండాను కాల్చడం కూడా భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని 1989లో అదే కోర్టు చెప్పింది. జెండా పట్ల అంత భక్తి, దాన్ని కాదనే హక్కుకు అంత రక్షణ ఒకే దేశంలో ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్లకు సాధారణంగా మొదటిదే కనపడుతుంది.

జర్మనీది దీనికి పూర్తిగా ఎదురు కథ. నాజీల పాలన తర్వాత దశాబ్దాల పాటు మామూలు పౌరులు జెండా ఊపడానికే జంకారు. 2006లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ అక్కడ జరిగినప్పుడు కార్ల మీద, బాల్కనీల్లో నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండాలు లెక్కలేనన్ని వెలిశాయి. అది పెద్ద వార్త అయింది. విదేశీ అభిమానులు చాలావరకు దాన్ని పండగలాగే తీసుకున్నారు. ఎక్కువ మథనపడింది జర్మన్లే. 2013 సెప్టెంబరులో ఎన్నికలు గెలిచిన రాత్రి వేదిక మీద సంబరాలు జరుగుతుండగా, అప్పటి ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ తన పార్టీ నాయకుడి చేతిలోని చిన్న జెండాను తీసుకుని, తల అడ్డంగా ఊపుతూ పక్కకు ఇచ్చేశారు. కొన్ని సెకన్ల వీడియో అది. దేశం జెండాను పార్టీ విజయానికి వాడకూడదన్న సంయమనం కొందరికి అందులో కనిపించింది. సొంత జెండా అంటేనే సిగ్గుపడుతున్నారని ఇంకొందరు ఇప్పటికీ తిడతారు.

డెన్మార్క్‌లో జెండా పుట్టినరోజు కేకు మీద ఉంటుంది. విమానాశ్రయంలో చుట్టాలను పిలుచుకురావడానికి వెళ్లినవాళ్ల చేతుల్లో ఉంటుంది. అక్కడ అది సంతోషానికి గుర్తు. ఆ అలవాటు తెలియని విదేశీయుడు ఏదో రాజకీయ ఊరేగింపు అనుకున్నా ఆశ్చర్యం లేదు.

## ఒక లెక్క వేసి చూద్దాం

గర్వం ఎప్పుడు అతిశయోక్తి అవుతుందో చూపించే చక్కటి అధ్యయనం 2018లో వచ్చింది. 35 దేశాల్లో వేలమంది విద్యార్థులను ఒకే ప్రశ్న అడిగారు. ప్రపంచ చరిత్రలో మీ దేశం వాటా ఎంత శాతం? సున్నా నుంచి నూరు దాకా ఏదైనా చెప్పొచ్చు.

లెక్క మనమే వేసుకుందాం. ఆ 35 దేశాలు తప్ప భూమ్మీద ఇంకెవరూ ఏమీ చేయలేదని అనుకున్నా, అన్నీ కలిపి నూరు దాటకూడదు. అంటే సగటున ఒక్కో దేశానికి మూడు శాతం కూడా రాదు. వచ్చిన జవాబులు కూడితే మొత్తం 1,100 శాతం దాటింది. సగటు 30కి పైనే. రష్యా విద్యార్థులు 60 శాతం దాకా తమదే అన్నారు. అందరికన్నా అణకువగా చెప్పిన స్విట్జర్లాండ్ వాళ్ల జవాబు 11 శాతం దగ్గర ఉంది. ఆ అణకువ కూడా మన సగటుకు మూడున్నర రెట్ల పైమాటే.

వాళ్లంతా గొప్పలు చెప్పుకున్నారని అనడానికి లేదు. బడిలో పదేళ్ల పాటు ఎక్కువగా చదివింది సొంత దేశం చరిత్రే. పేర్లు, యుద్ధాలు, కనిపెట్టిన వస్తువులు అడగ్గానే గుర్తొచ్చేవి అవే. మిగతా ప్రపంచానిది కొద్దిగానే గుర్తొస్తుంది. గుర్తొచ్చిన దాన్ని బట్టి వాటా వేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది. ఇద్దరు విదేశీయులు కూర్చుని చరిత్ర మాట్లాడుకున్నప్పుడు, ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతూ, ఎదుటివాడు కోతలు కోస్తున్నాడని ఎందుకు అనుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

## ఒకే గుర్తు, రెండు జ్ఞాపకాలు

నా దృష్టిలో అసలు బరువంతా ఇక్కడుంది. గర్వాన్ని ఎంత గట్టిగా చాటారన్న దానికన్నా, చూసేవాళ్లకు ఆ గుర్తుతో ఉన్న పాత అనుభవమే ఎక్కువ పనిచేస్తుంది.

జపాన్‌లో ఎర్రటి సూర్యుడి నుంచి 16 కిరణాలు చిమ్మే జెండా ఉంది. ఉదయించే సూర్యుడి జెండా అంటారు. అక్కడ చేపల వేట బాగా సాగినప్పుడు పడవల మీద ఎగరేసే జెండాల్లోనూ, వేడుకల్లోనూ ఈ బొమ్మ కనిపిస్తుంది. కాకపోతే 1870 నుంచి జపాన్ సైన్యానికి, 1889 నుంచి నౌకాదళానికి కూడా అదే జెండా. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన కింద నలిగిన కొరియాలో దాన్ని చూస్తే గుర్తొచ్చేది ఆ కాలమే. యుద్ధం తర్వాత ఏర్పడిన జపాన్ నౌకాదళం (సముద్ర ఆత్మరక్షణ దళం) 1954లో దాన్ని తిరిగి తీసుకుంది. 2018లో దక్షిణ కొరియా జెజు దీవి దగ్గర వివిధ దేశాల యుద్ధనౌకల విన్యాసం ఏర్పాటు చేసి, అందరూ జాతీయ జెండాలు మాత్రమే ఎగరేయాలని కోరింది. జపాన్ రావడమే మానుకుంది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు మళ్లీ అదే గొడవ. మా దేశంలో మామూలుగా వాడే బొమ్మే, ఇందులో రాజకీయం లేదని నిర్వాహకులు అన్నారు. చేపల పడవ మీద జెండాను చూసి పెరిగినవాళ్ల మాటగా అది నిజమే కావచ్చు. సైనికుల చేతిలో దాన్ని చూసిన కుటుంబానికి ఆ నిజం చేరదు.

రష్యాలో మే 9న జరిగే విజయ దినోత్సవం ఇంకా క్లిష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ దాదాపు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. చనిపోయిన తాతల ఫొటోలు పట్టుకుని నడిచేవాళ్లది నిజమైన దుఃఖం, నిజమైన గర్వం. అదే సైన్యం 1944లో ఎస్టోనియాలోకి రావడాన్ని అక్కడివాళ్లు రెండో ఆక్రమణకు మొదలుగా గుర్తుపెట్టుకున్నారు. 2007 ఏప్రిల్‌లో టాలిన్ నగరం మధ్యలో ఉన్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించినప్పుడు అల్లర్లు చెలరేగాయి. ఒకరు చనిపోయారు. ఆ నగరంలో ఉండే రష్యన్ భాషీయులకు అది తాతల సమాధిని కదిలించడం, ఎస్టోనియన్లకు ఆక్రమణ గుర్తును తీసేయడం. 2022లో ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి తర్వాత, మాస్కో వీధుల్లో కదిలే ట్యాంకులను పొరుగు దేశాలు పాత యుద్ధం జ్ఞాపకంగా మాత్రమే చూడటం అసాధ్యమైంది.

## బలం ఉన్నవాడి గర్వం, లేనివాడి గర్వం

నార్వే మే 17న పెద్ద పండగ చేసుకుంటుంది. 1814లో రాజ్యాంగం వచ్చిన రోజది. ఓస్లోలో బడి పిల్లలు వేలకొద్దీ బ్యాండ్ మేళాలతో, జెండాలతో రాజభవనం ముందు నుంచి నడుస్తారు. రాజకుటుంబం బాల్కనీలో గంటల తరబడి నిలబడి చేతులు ఊపుతుంది. సంబరమంతా పిల్లలదే. జర్మనీ ఆక్రమణలో ఉన్న 1940-45 మధ్య ఈ వేడుకల మీద నిషేధం ఉండేది. ఆ రోజున నార్వేలో కనిపించినన్ని జెండాలు ఏ పెద్ద దేశంలోనైనా కనిపిస్తే పత్రికలు సంపాదకీయాలు రాస్తాయి. నార్వే విషయంలో ఎవరికీ భయం కలగదు. దాని జనాభా 55 లక్షల చిల్లర. ఆ పిల్లల వెనుక ఎవరి మీదికో వెళ్లబోయే సైన్యం లేదు.

చిన్న దేశమైతే ఏం చేసినా ముద్దే అనుకోవడానికీ లేదు. నార్వేలోనే సామీ తెగల భాషను, జీవన విధానాన్ని చాలాకాలం అణచివేశారు. ఒకప్పుడు వాళ్లకు ఆ జెండా కింద చోటు దొరకలేదు. దేశం బయటివాళ్లకు ముచ్చటగా కనిపించే గర్వం లోపలి అల్పసంఖ్యాకులకు వేరేగా కనిపించవచ్చు.

బలాబలాలు విమర్శ విషయంలోనూ పనిచేస్తాయి. నోబెల్ వచ్చిన మూడేళ్లకు, 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ వెళ్లారు. జనం తండోపతండాలుగా స్వాగతం పలికారు. పాశ్చాత్యుల జాతీయవాదాన్ని తలకెత్తుకోవద్దని ఆయన ప్రసంగాల్లో హెచ్చరించారు. ఆ తర్వాత ఆదరణ చల్లబడింది. ఓడిపోయిన దేశపు కవి మాటలని అక్కడి మేధావులు కొందరు తీసిపారేశారు. ఆయన వాదన సరైనదా కాదా అనే దాకా వాళ్లు వెళ్లలేదు. ఏ దేశం నుంచి వచ్చారన్న దగ్గరే ఆగిపోయారు. పరాయివాళ్ల విమర్శకు ఇప్పటికీ ఎక్కువసార్లు దక్కేది ఇలాంటి జవాబే, ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

## సర్వే అంకెలను ఎలా చదవాలి?

ప్రపంచ విలువల సర్వే దశాబ్దాలుగా ఒక ప్రశ్న అడుగుతోంది. మీ దేశ పౌరులుగా మీరు ఎంత గర్వపడుతున్నారు? చాలా, ఓ మోస్తరు, పెద్దగా లేదు, అసలు లేదు అనే నాలుగు జవాబులు. జర్మనీలో 'చాలా' అనేవాళ్లు తక్కువ. అంతమాత్రాన జర్మన్లకు దేశం మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. ఆ మాట పైకి అనడానికి అక్కడ ఉన్న మొహమాటం కూడా ఆ అంకెలో కలిసి ఉంది.

పైగా గర్వం దేని గురించి అన్నది అంకె చెప్పదు. ఇద్దరు మనుషులను ఊహించుకోండి. ఒకరికి సైన్యం, చరిత్ర అంటే గర్వం. ఇంకొకరికి పేదలకు అందే వైద్యం, స్వేచ్ఛగా రాసే పత్రికలు అంటే గర్వం. ఇద్దరూ 'చాలా' అనే గడిలోనే టిక్ పెడతారు. టీవీలో విదేశీయులకు కనిపించేది మాత్రం మొదటివారి గర్వమే. ఆసుపత్రుల మీద గర్వానికి కవాతు ఉండదు కదా.

ఒక దేశంలో అందరిదీ ఒకే గర్వం అనుకోవడం ఇంకో పొరపాటు. 2025 జూన్‌లో గ్యాలప్ సంస్థ సర్వేలో, అమెరికన్‌గా చాలా గర్వపడుతున్నామని చెప్పినవాళ్లు 58 శాతం. 2001 నుంచి అప్పటిదాకా ఆ సంస్థ లెక్కల్లో అదే అత్యల్పం. రిపబ్లికన్లలో అది 92 శాతం, డెమోక్రాట్లలో 36 శాతం. దూరం నుంచి ఒకే జెండాల అడవిలా కనిపించే చోట ఇంత పెద్ద చీలిక ఉంది.

## అసలు ఈ గర్వం అవసరమా అన్న వాదన

అవసరమేననే వాళ్లలో బ్రిటన్ తత్వవేత్త డేవిడ్ మిల్లర్ ముఖ్యులు. ముక్కూ మొహం తెలియని మనిషి వైద్యానికి మనం పన్ను కట్టాలంటే, అతను మనవాడన్న భావన ఏదో ఉండాలంటారాయన. అమెరికా తత్వవేత్త మార్తా నస్‌బామ్ 1994లో దీనికి ఎదురుగా వాదించారు. ముందుగా మనం మానవజాతికి చెందినవాళ్లమని, ఏ సరిహద్దు లోపల పుట్టామన్నది నైతికంగా పెద్ద విషయం కాదని. తర్వాతి కాలంలో ఆమే కొంత మారి, న్యాయం కోసం జనాన్ని కదిలించాలంటే దేశం మీద ప్రేమ కూడా కావాలని, అది విమర్శను భరించగలిగేదై ఉండాలని రాశారు. మధ్యేమార్గంగా జర్మనీలో డాల్ఫ్ స్టెర్న్‌బర్గర్ 1979లో రాజ్యాంగ దేశభక్తి అనే ఆలోచన ముందుకు తెచ్చారు. తత్వవేత్త యూర్గెన్ హాబర్‌మాస్ దాన్ని విస్తరించారు. రక్తం మీద, నేల మీద కాకుండా హక్కుల మీద, చట్టం మీద నిష్ఠ పెట్టుకుందామన్నది దాని సారం. వేరే చోటి నుంచి వచ్చినవాళ్లు కూడా అందులో చేరగలరు, దాని పెద్ద బలం అదే. చట్టం పేరు చెబితే ఎవరి కళ్లు చెమరుస్తాయన్నది దాని మీద ఉన్న అభ్యంతరం.

మాటల్లో కాకుండా నడతలో కనిపించే గర్వం కూడా ఉంది. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో జపాన్ జట్టు జర్మనీని 2-1తో ఓడించిన తర్వాత, జపాన్ అభిమానులు నీలిరంగు సంచులతో స్టేడియంలో చెత్త ఏరారు. తమ దేశం ఆడని తొలి మ్యాచ్ తర్వాత కూడా అదే చేశారు. ఎవరినీ తక్కువ చేయకుండా తమ దేశం పేరు నిలబెట్టారు. అంతకుముందు చెప్పిన జెండా గొడవ కూడా ఈ దేశానిదే.

## వచ్చి చేరినవాళ్లు

పరాయి దేశస్థులంటే సరిహద్దు అవతల ఉన్నవాళ్లే కాదు. వలస వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు లోపలి నుంచీ బయటి నుంచీ ఒకేసారి చూస్తారు. వాళ్లకు ఈ విషయంలో తప్పించుకునే దారి లేదు.

మెసుట్ ఓజిల్ జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టిన తుర్కియే సంతతి ఆటగాడు. 2014లో ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టులో ఉన్నాడు. 2018 మేలో అతను, జర్మనీ జట్టులోని సహచరుడు ఇల్కాయ్ గుండోవాన్ తుర్కియే అధ్యక్షుడు ఎర్డోవాన్‌తో దిగిన ఫొటో జర్మనీలో దుమారం రేపింది. నిరంకుశంగా పాలిస్తున్నారన్న ఆరోపణలున్న నాయకుడితో, అదీ తుర్కియే ఎన్నికల ముందు, ఆ ఫొటో ఏమిటని అడిగినవాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. పూర్వీకుల దేశపు అధ్యక్షుడి పట్ల మర్యాద అది, రాజకీయం కాదని ఓజిల్ అన్నాడు. ఆ వేసవి ప్రపంచకప్‌లో జర్మనీ గ్రూపులో అట్టడుగున నిలిచి ఇంటిముఖం పట్టింది. జూలై 22న ఓజిల్ జాతీయ జట్టుకు గుడ్‌బై చెప్పాడు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసదారుణ్ణి అని అతను అన్న మాట అన్ని దేశాలకూ పాకింది. అతను చేసిన జాతి వివక్ష ఆరోపణను జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య తోసిపుచ్చింది.

ఆ ఫొటోలోని రెండో ఆటగాడు గుండోవాన్ జట్టులోనే కొనసాగాడు. 2024లో జర్మనీలో జరిగిన యూరో కప్‌లో ఆ జట్టుకు కెప్టెన్ అతనే. జర్మన్ గర్వం విశాలమైందనేవాళ్లు అతని పేరు చెబుతారు. అదే ఏడాది టోర్నీకి ముందు అక్కడి ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ చేయించిన సర్వేలో, జట్టులో తెల్లవాళ్లు ఎక్కువగా ఉంటే బాగుంటుందని 21 శాతం మంది చెప్పారు. కోచ్ యూలియాన్ నాగెల్స్‌మన్ ఆ ప్రశ్న అడగడమే జాత్యహంకారమని మండిపడ్డారు. జనంలో ఉన్నదాన్ని బయటపెట్టడమే మా ఉద్దేశమని అడిగినవాళ్లు సమర్థించుకున్నారు.